మాత్ర ఒకరికి, నిద్ర ఇంకొకరికి

రాత్రిపూట నిద్రపోవడం చాలా చెడ్డ అలవాటు.

ఈ మాట చదవగానే మీలో సగంమంది పేపరు మడిచి పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు. పెట్టెయ్యండి. మిగతా సగానికైనా నిజం తెలియాలి కదా! చీకటి పడగానే ముడుచుకోవడం, తెల్లారగానే లేచి కూర్చోవడం కోళ్ళు చేసే పని. మనం కోళ్ళమా? కరెంటు కనిపెట్టాం. ట్యూబులైటు కనిపెట్టాం. అలారం కనిపెట్టి, దాని నెత్తిమీద ఒక్కటిచ్చి మళ్ళీ పడుకోవడం కూడా మనమే కనిపెట్టాం. ఇంత సాధించాక ఇంకా ఆ సూర్యుడు ఆడించినట్టు ఆడాలా?

పైగా రాత్రి నిద్రకి మర్యాద లేదు. మీరు రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచారనుకోండి. ఇంట్లో ఒక్కరైనా "శభాష్" అన్నారా? లేచి పాలు తెమ్మంటారు, అంతే! అదే నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుని చూడండి. ఇల్లంతా మీ నిద్ర గురించే మాట్లాడుతుంది. వీధి మాట్లాడుతుంది. కంపెనీ ఫోన్ చేసి మరీ మాట్లాడుతుంది. ఒక మనిషి నిద్రకి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

నేను ఊహించి రాస్తున్నానని అనుకోకండి. మా కింది వాటాలో రోజూ కళ్ళారా చూస్తున్నదే రాస్తున్నాను.

కింది వాటాలో మా బావమరిది కాపురముంటాడు. పై వాటాలో మేము. నా భార్యకి తమ్ముడు కావడం తప్ప ఆ మనిషి ఎవరికీ ఏ అపకారమూ చేసి ఎరగడు. పాల ప్యాకెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ప్యాకెట్ల మీద తారీఖు కొట్టే మిషను అతని చేతిలో ఉంటుంది. పొద్దున్నే కాఫీ పెట్టుకునేముందు మీరు ప్యాకెట్ తిప్పి, కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుని చూస్తారే, ఆ తారీఖు!

ఆ ఫ్యాక్టరీలో షిఫ్టులు మూడు. ఎవరు ఎప్పుడు రావాలో రాసి నోటీసుబోర్డుకి పిన్ను గుచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. అందరూ ఆయన్ని రోస్టర్ సారు అంటారు. ఆయనకి ఎవరిమీదా కోపం లేదు. మొహం ఎప్పుడు చూసినా ప్రసన్నంగా ఉంటుంది. అందరికీ అన్ని షిఫ్టులూ సమానంగా అందాలన్నదే ఆయన పట్టుదల. అందుకని ఒక వారం రాత్రి, పై వారం మధ్యాహ్నం, ఆ పై వారం పొద్దున్న, మనసు బాగుంటే వారం మధ్యలో కూడా ఒకసారి మారుస్తూ ఉంటారు. సమానత్వమంటే ఇదీ!

దీనివల్ల మా బావమరిది కాపురం ఎంత చల్లగా ఉందో చెప్పలేను. అతని భార్య నాకు చెల్లెలి వరస. బ్యాంకులో కౌంటరు ఉద్యోగం. నైట్ షిఫ్టు వారాల్లో వాళ్ళిద్దరూ గేటు దగ్గర కలుసుకుంటారు. అతను లోపలికి, ఆవిడ బయటికి. ఇద్దరికీ కలిపి ఒకటే స్కూటరు కాబట్టి హెల్మెట్టు చేతులు మారుతుంది. "తిన్నావా?" అని ఒకరు, "పడుకో" అని ఒకరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు పోట్లాడుకోగా నేను వినలేదు. తీరికేదీ?

పిల్లల పెంపకానికైతే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. వాళ్ళమ్మాయి బుడంకాయ ఒకటో తరగతి. బడి నుంచి రాగానే వీధిలో పిల్లల్ని పోగేసి మా మెట్ల కింద అమ్మానాన్నా ఆట మొదలుపెడుతుంది. ఏ వీధిలోనైనా ఈ ఆటలో అమ్మ వేషానికి పోటీ ఉంటుంది. మా ఇంట్లో నాన్న వేషానికి పోటీ! ఎందుకంటే నాన్న వేషం వేసినవాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకుంటే చాలు. మిగతావాళ్ళందరూ నోటిమీద వేలేసుకుని చుట్టూ తిరగాలి. ఒకసారి నాన్న వేషం కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. తండ్రి స్థానానికి అంత విలువ ఉన్న ఇల్లు మీరు ఇంకెక్కడైనా చూశారా?

ఇంత సుఖంగా సాగిపోతున్న కథలో ఒక చిన్న పొరపాటు జరిగింది.

దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. రాత్రి నింపిన పాలు మర్నాడు పొద్దున్న అమ్ముతారు. అందుకని నైట్ షిఫ్టువాడు డ్యూటీ ఎక్కగానే మిషన్లో మర్నాటి తారీఖు పెట్టేస్తాడు. ఇక తెల్లారేదాకా దాని జోలికి పోకూడదు. మా బావమరిది అంతకుముందు దాకా పగటి షిఫ్టు చేసి, కంటినిండా నిద్ర లేకుండానే నైట్ షిఫ్టులో వచ్చి పడ్డాడు. వెళ్ళగానే పద్ధతి ప్రకారం మర్నాటి తారీఖు పెట్టాడు. ఆ తర్వాత గోడమీద గడియారం పన్నెండు దాటడం చూశాడు. "అరెరె, రోజు మారిపోయింది, తారీఖు మార్చలేదే!" అని కంగారుపడి దాన్ని ఇంకో రోజు ముందుకి తిప్పాడు.

అంతే! జనం గుమ్మాల్లోకి రేపటి పాలు ఈరోజే వచ్చేశాయి.

నేనైతే దీన్ని సైన్సు సాధించిన విజయం అంటాను. ఏ ఆవూ ఇంకా ఇవ్వని పాలు మన గిన్నెలో పొంగడమంటే మాటలా? కానీ జనానికి కొత్తదనం గిట్టదు. షాపులవాళ్ళు ప్యాకెట్లన్నీ తిప్పి పంపారు. మేనేజరు మా బావమరిదిని పిలిచి, "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే నువ్వుండేది మిషను ముందు కాదు, గేటు బయట" అన్నాడు.

ఆ రోజు మా బావమరిది ఇంటికొచ్చి లోపలికి పోకుండా మెట్లమీద కూలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇవాళ ఏ వారం బావా?" అన్నాడు.

"బుధవారం."

"పోయిన బుధవారమా, వచ్చే బుధవారమా?"

నవ్వబోయి అతని మొహం చూసి ఆగిపోయాను. వేళాకోళానికి అన్న మాట కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. నాకూ తెలియదు.

అతను కంపెనీని అడిగింది ఒక్కటే. "నన్ను నెలరోజులపాటు ఒకే షిఫ్టులో ఉంచండి. రాత్రంటే రాత్రి, పగలంటే పగలు. ఏదైనా నాకు ఫర్వాలేదు. రోజుకోలా తిప్పకండి." ఇదీ అతని కోరిక.

మీరైతే ఏం చేసేవారు? తెలివి తక్కువ కాబట్టి అడిగింది ఇచ్చేసి ఊరుకునేవారు. కంపెనీ అలా ఊరుకోదు. ఉద్యోగి ఒక మాట అడిగితే అంతకంటే గొప్పదేదో ఇచ్చి తీరాలనుకుంటుంది. వెల్ఫేర్ డిపార్టుమెంటులో ఒక మేడమ్ ఉన్నారు. ఆవిడ మీటింగు పెట్టి, కమిటీ వేసి, కమిటీ మీద ఇంకో మీటింగు పెట్టి, చివరికి నైట్ షిఫ్టు చేసేవాళ్ళందరికీ మెలటోనిన్ మాత్రలు ఇవ్వాలని తీర్మానించారు. డబ్బా మీద నవ్వుతున్న చందమామ బొమ్మ. కింద "రోజూ ఉదయం ఒకటి" అని పెద్దక్షరాలు.

మెలటోనిన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. చీకటి పడగానే మన బుర్రలో తనంతట తనే తయారయ్యే సరుకు అది. "ఇక పడుకోవచ్చు" అని ఒంటికి కబురు పంపుతుంది. అంటే చీకటి పడితే మా బావమరిది బుర్రలో ఊరికే ఊరేదాన్ని, వెలుతురు చూపించి ఆపేసి, మళ్ళీ డబ్బాలో పెట్టి చేతికిచ్చారన్నమాట. మనిషి మేధస్సుకి హద్దుందా?

మాత్రలతోపాటు ఫ్యాక్టరీ డాక్టరుగారి సలహా కూడా ఇప్పించారు. డాక్టరుగారు మంచివారు. అబద్ధం చెప్పలేదు. "ఇది మత్తుబిళ్ళ కాదు బాబూ, కొంచెం సాయం చేస్తుందంతే. నువ్వు పడుకునే గది చీకటిగా ఉండాలి. నిశ్శబ్దంగా ఉండాలి. రోజూ ఒకే వేళకి పడుకోవాలి. ఈ మూడూ ఉంటే బాగా పనిచేస్తుంది" అన్నారు.

"ఈ మూడూ ఉంటే ఇంక మాత్రెందుకండీ?" అన్నాడు మా బావమరిది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాత్ర అయితే రాసివ్వగలను. అవి రాసివ్వడం నా చేతిలో లేదు" అన్నారు.

సరే, చీకటితో మొదలుపెట్టారు. మా చెల్లెలు ఇంట్లో ఉన్న మందపాటి దుప్పట్లన్నీ తెచ్చి కిటికీకి వేలాడదీసింది. గది ఎంత చీకటైందంటే, మొదటిరోజు మా బావమరిది మంచమనుకుని బట్టల బుట్టమీద పడుకోబోయాడు.

ఇక నిశ్శబ్దం. ఆ బాధ్యత, కింది వాటాలో కొడుకు దగ్గరే ఉండే మా అత్తగారు తీసుకున్నారు.

మా అత్తగారు ఏ పని తీసుకున్నా సగంలో వదలరు. పడకగది తలుపు ముందు కుర్చీ వేసుకుని కొడుకు నిద్రకి కాపలా కూర్చున్నారు. కొడుకు ఫోను కూడా లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. వీధిలో కూరగాయల బండాయన "టమాటాలూ" అని ఒక్క కేక వేశాడో లేదో, ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి అంతకు రెట్టింపు గొంతుతో, "ఏమయ్యా, నీకు బుద్ధుందా? మావాడు పడుకున్నాడని రోజూ చెప్పాలా? అరవకు!" అని అరిచారు.

"తెలీదమ్మగారూ! మొన్న పొద్దున్న డ్యూటీ అన్నారుగా!" అని అతను అక్కణ్ణుంచే అరిచాడు.

"అది మొన్న! నిన్నటి నుంచి రాత్రి డ్యూటీ!"

"ఎప్పటిదాకా అమ్మగారూ?"

"మాకే తెలీదు, నీకేం చెప్పను! సరే, టమాటాలు ఎలా ఇస్తున్నావ్?"

ఈ సంభాషణ అయ్యేసరికి ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, వాళ్ళ కుక్క అందరూ మా బావమరిది నిద్ర గురించి వాకబు చెయ్యడానికి బయటికొచ్చారు. లోపలినుంచి నీరసంగా ఒక గొంతు వినబడింది. "అమ్మా, నేను నిద్రపోతున్నానని కాస్త మెల్లిగా చెప్పవే."

ఇది చాలదన్నట్టు మిట్టమధ్యాహ్నం ఫోను మోగేది. వెల్ఫేర్ డిపార్టుమెంటు. మాత్రలు ఇచ్చి వదిలేస్తే ఎలా? పనిచేస్తున్నాయో లేదో కనుక్కోవాలి కదా! అందులోనూ నిద్ర గురించి అడగాలంటే నిద్రపోతున్న సమయంలో అడిగితేనే కచ్చితమైన జవాబు వస్తుంది. మా అత్తగారు హడావిడిగా తలుపు తోసి, "ఒరే, లేవరా, నువ్వు బాగా నిద్రపోతున్నావో లేదో అడుగుతున్నారు!" అని కొడుకుని కుదిపేవారు.

"సార్, ప్రస్తుతం మీరు నిద్రపోతున్నారా?" అని అవతల నుంచి తియ్యటి గొంతు.

"పోతున్నానండి."

"మీ నిద్రకి ఐదు స్టార్లలో ఎన్ని ఇస్తారు సార్?"

అతను ఐదూ ఇచ్చేసేవాడు. తక్కువిస్తే కారణం చెప్పమని ఇంకోసారి చేస్తారు మరి!

ఇన్ని చేసినా, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నా, మా బావమరిది కళ్ళకింద నలుపు తగ్గలేదు. రాత్రి వారం అయ్యేసరికి మధ్యాహ్నం వారం, అది అలవాటయ్యేలోపు పొద్దున్న వారం. ఏ వేళకి పనిచెయ్యాలో మాత్రకే తెలియకుండా పోయింది. డ్యూటీకి వెళ్ళేముందు అరచేతిమీద పెన్నుతో తారీఖు రాసుకుని వెళ్ళేవాడు. మిషను ముందు నిలబడి అరచెయ్యి చూసుకుంటూ బతుకుతున్నాడని తెలిసి నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు జరిగింది అసలు సంఘటన. మెలటోనిన్ చరిత్రలో అంత పెద్ద పరిశోధన మా ఇంట్లో, మా అత్తగారి చేతిమీదుగా జరుగుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

మా అత్తగారికి మాత్ర మీదే అనుమానం వచ్చింది. "ఇన్ని మింగినా వాడికి నిద్ర రావట్లేదంటే బిళ్ళలోనే ఏదో లోపముంది" అన్నారు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు ఒకటి తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఎప్పటిలాగే తలుపు ముందు కుర్చీలో కూర్చున్నారు.

కాసేపటికి ఆవిడ తల ఒక పక్కకి వాలింది.

కూరగాయల బండాయన వచ్చాడు. గుమ్మంలోంచి ఎవరూ అరవకపోయేసరికి ఖంగుతిన్నాడు. తొంగి చూస్తే అమ్మగారు నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు. పెద్దావిడని లేపడం ఎందుకని కేక మింగేసి, బండిని మెల్లిగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు. వెల్ఫేర్‌వాళ్ళ ఫోను ఆవిడ ఒళ్ళో, చీర మడతల్లో ఎంతసేపు మోగిందో మోగి ఊరుకుంది. తలుపు ఎవరూ తొయ్యలేదు. కుక్క కూడా అరవలేదు. ఎవరూ గుర్తు చెయ్యకపోతే దానికి మాత్రం ఏం పట్టింది!

మా బావమరిది సాయంత్రందాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. లేచి, ఇంట్లో ఆ నిశ్శబ్దం చూసి హడలిపోయి, పరుగున బయటికొచ్చి తల్లి భుజం పట్టుకుని కుదిపాడు. "అమ్మా! అమ్మా! ఏమైంది నీకు?"

ఆవిడ ఉలిక్కిపడి లేచి, "ష్! అరవకురా, నువ్వు పడుకున్నావు!" అన్నారు.

తర్వాత ఎవరెంత అడిగినా తను నిద్రపోలేదనీ, కళ్ళకి విశ్రాంతి ఇచ్చాననీ దబాయించారు. ఇంకో మాత్ర ముట్టుకోలేదు. కానీ నా కళ్ళు తెరుచుకున్నాయి. మెలటోనిన్ దివ్యమైన మందు! నైట్ షిఫ్టువాడికి అద్భుతంగా పనిచేస్తుంది! కాకపోతే దాన్ని వేరేవాళ్ళు మింగాలి.

ఈ సూత్రం నేను కనిపెట్టిన కొద్దిరోజులకే ఫ్యాక్టరీలో దానికి రుజువు కూడా దొరికింది.

మిషన్ల దగ్గరవాళ్ళకి మాత్రలిచ్చి ఆఫీసువాళ్ళకి ఇవ్వకపోతే తేడా చూపించినట్టవుతుందని వెల్ఫేర్ మేడమ్‌కి తోచింది. ఆఫీసులో కూడా తలా ఒక డబ్బా పంచారు. చాలామంది సొరుగులో పడేశారు. రోస్టర్ సారు అలాంటివారు కాదు. నియమమంటే ఆయనకి ప్రాణం. డబ్బా మీద "రోజూ ఉదయం ఒకటి" అని రాసి ఉంది కదా! ఆయన రోజూ ఉదయం ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్ళసీసా మూత తీసి, భక్తిగా ఒకటి వేసుకోవడం మొదలుపెట్టారు.

ఫలితం ఏమిటో మీరు ఊహించగలరు. కళ్ళు బరువెక్కుతాయి. ఏసీ చల్లగా ఉంటుంది. కొత్త రోస్టర్ వెయ్యడానికి కాగితం ముందుకి లాక్కుంటారు. గీత గీస్తారు. రెండో గీత దగ్గర గడ్డం ఛాతీమీదికి వాలుతుంది. సాయంత్రం ఎవరో కుర్చీ జరిపిన చప్పుడుకి లేచి, "రేపు చూద్దాం" అని ఇంటికి వెళ్ళిపోతారు. ఆయన అంత పెద్దమనిషి కాబట్టి, ఆలోచనలో ఉన్నారనుకుని ఎవరూ కదిలించేవారు కాదు.

నోటీసుబోర్డు మీద పాత కాగితమే ఉండిపోయింది. వారాలు గడిచాయి. దానిమీద ధూళి పడింది. అందులో మా బావమరిదికి రాత్రి షిఫ్టు ఉంది. కాబట్టి రోజూ రాత్రి షిఫ్టే.

ఇక చూడండి! అతను రోజూ ఒకే వేళకి ఇంటికొచ్చాడు, ఒకే వేళకి పడుకున్నాడు, ఒకే వేళకి లేచాడు. కూరగాయల బండాయనకి కూడా ఒక లెక్క దొరికి, అతను లేచాకే మా వీధికి రావడం మొదలుపెట్టాడు. అరవాల్సిన పని లేక బోలెడంత శక్తి మిగిలిపోయి, మా అత్తగారు స్వెటరు అల్లడం మొదలుపెట్టారు. ఫోను కట్టేసి బియ్యం డబ్బామీద పెట్టేశారు. మా బావమరిది మాత్రలు వేసుకోవడం మర్చిపోయాడు. అరచేతిమీద తారీఖు రాసుకోవడం కూడా మర్చిపోయాడు. పాల ప్యాకెట్ల మీద ఏ రోజుకి ఆ రోజే సరిగ్గా పడింది.

మధ్యాహ్నం అతను లేచేసరికి బుడంకాయ బడి నుంచి వస్తోంది. కూతురికి జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఒకటి పైకీ ఒకటి కిందకీ పోయేవి, అది వేరే సంగతి. పార్కుకి తీసుకెళ్ళి ఉయ్యాల ఊపాడు. గుర్రమై మోకాళ్ళమీద నడిచాడు. హోంవర్కులో ఏనుగు బొమ్మ వేసిచ్చి, అది పందిలా ఉందని తిట్లు తిన్నాడు. సాయంత్రం మా చెల్లెలు బ్యాంకు నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి కాఫీ తాగుతున్నారు. ఒకరోజు కింద నుంచి గట్టిగా మాటలు వినబడితే నేను కంగారుగా దిగాను. తీరా చూస్తే మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటున్నారు. గోడకి ఏ రంగు వెయ్యాలని. ఎంత ముచ్చటేసిందో!

ఒక నష్టం జరిగింది. దాచకుండా చెబుతాను. మెట్ల కింద ఆటలో నాన్న వేషానికి గిరాకీ పడిపోయింది. జడలు వెయ్యాలి, ఉయ్యాల ఊపాలి, గుర్రం కావాలి, ఏనుగు వెయ్యాలి. ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? "నేను నాన్న కాను, నిన్న కూడా నేనే అయ్యాను" అని పిల్లలు ఏడుపు. చివరికి ఎదురింటి పసివాణ్ణి బతిమాలి, బిస్కెట్టు ఇచ్చి నాన్నని చేసేవారు.

ఇంతలో ఫ్యాక్టరీలో లెక్కలు తీశారు. నైట్ షిఫ్టులో పొరపాట్లు లేవు, సెలవులు తగ్గాయి, అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. మాత్ర మహిమ! వెల్ఫేర్ మేడమ్ సంతోషం పట్టలేక అభినందన సభ పెట్టారు. ఎప్పుడనుకున్నారు? మిట్టమధ్యాహ్నం. నైట్ షిఫ్టువాళ్ళు నిద్రపోయే వేళకి, నైట్ షిఫ్టువాళ్ళకి, నిద్ర గురించి సభ! హాజరు తప్పనిసరి. హాలు చీకటి చేసి తెరమీద చందమామ బొమ్మ వేశారు. చీకటి, చల్లదనం, ఒకే తీరుగా సాగే ఉపన్యాసం. మూడో వరస నుంచి గురకలు మొదలయ్యాయి. "చూశారా, ఫలితం మీ కళ్ళముందే ఉంది!" అన్నారు మేడమ్. వేదికమీద కూర్చున్న రోస్టర్ సారు అందరికంటే ముందే నిద్రలోకి జారుకున్నారు. మా బావమరిదికి ఉత్తమ నిద్రకారుడని ఒక గోడగడియారం బహూకరించారు.

సభాముఖంగా గురక పెట్టడం వల్ల సారు సంగతి మేనేజరు కళ్ళబడింది. ఆఫీసువాళ్ళకి మాత్రలు ఆపేశారు. సారు తేరుకున్నారు. నోటీసుబోర్డు చూసి గుండెలు బాదుకున్నారు. "అయ్యో, ఇన్నాళ్ళూ ఒకరికి ఒకటే షిఫ్టు! ఎంత అన్యాయం జరిగిపోయింది!" అని, పోయిన సమానత్వమంతా కలిపి రాబట్టేలా కొత్త రోస్టర్ వేశారు. అందులో మా బావమరిదికి రెండురోజులు రాత్రి, రెండురోజులు పగలు, మధ్యలో ఒకరోజు ఏదో ఆయనకే తెలియాలి.

మాత్రలు వేసుకునేముందు డాక్టరుని అడగాలి. రోస్టర్ వేసేముందు ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ సౌకర్యం ఒకటుంది చూశారూ!

కొత్త రోస్టర్ మొదలైన రెండోరోజు మా అత్తగారు స్వెటరు పక్కనపెట్టి తలుపు ముందు కుర్చీ వేశారు. మూడోరోజు మా బావమరిది గేటువైపు వెళ్తూ మెట్ల దగ్గర ఆగిపోయాడు. కింద పిల్లలు ఆడుతున్నారు. బుడంకాయ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "నేనే నాన్నని. ముందు నేనే వచ్చాను" అంటోంది దుప్పట్లోంచి. మిగతావాళ్ళు తమ వంతు ఎప్పుడని గొడవపడుతున్నారు.

నాన్న వేషానికి మళ్ళీ పోటీ మొదలైంది.

మా బావమరిది మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడు. అలమరలో వాడకుండా పోగుపడ్డ మాత్రల డబ్బాలన్నీ సంచిలో వేసుకున్నాడు. తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళి రోస్టర్ సారు బల్లమీద పెట్టాడు. తర్వాత జరిగింది అతనే నాకు చెప్పాడు.

"ఇవి మీరు వేసుకోండి సార్" అన్నాడట.

"నాకెందుకయ్యా? నాకు రాత్రిళ్ళు బ్రహ్మాండంగా నిద్ర పడుతోంది."

"మీకు కాదు సార్. నాకు నిద్ర పట్టడానికి."

సారు చిరునవ్వు ఆగిపోయింది. "నేను వేసుకుంటే నీకెలా నిద్ర పడుతుందయ్యా?"

"ఇన్నాళ్ళూ అలాగే పట్టింది సార్. మాకందరికీ."

సారు అతన్ని చూశారట. డబ్బాల్ని చూశారట. ఆఫీసు అద్దాల తలుపులోంచి నోటీసుబోర్డుని చూశారట. పాపం, ఆయన చెడ్డమనిషి కాదని ముందే చెప్పాను కదా! ఆయన్ని ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. చివరికి లేచి వెళ్ళి, "చిన్న సవరణ ఉంది" అని పిన్ను పీకి, కొత్త రోస్టర్ని మడిచి సొరుగులో పెట్టారు. దాని చోట పాతదాన్నే ధూళి తుడిచి మళ్ళీ గుచ్చారు.

చీకటి దుప్పట్లతో వచ్చింది. నిశ్శబ్దం మా అత్తగారు కునుకు తీస్తే వచ్చింది. ఒకే వేళ రావడానికి ఒక కాగితం గోడమీద కదలకుండా ఉంటే సరిపోయింది. ఇంత చిన్న విషయానికి మీటింగులు, కమిటీలు, చందమామ డబ్బాలు, స్టార్లు, గోడగడియారం! ఆ చిన్న సవరణ ఏమిటో సారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారట. దయచేసి ఎవరూ ఆయన్ని తొందరపెట్టకండి.

నాకు వచ్చిన కష్టం ఒక్కటే. నాన్న వేషానికి మళ్ళీ మనుషులు దొరకడం లేదు. ఎదురింటి పసివాడు బిస్కెట్టు తీసుకుని పారిపోతున్నాడు. నిన్న బుడంకాయ పై వాటాకి వచ్చి, "మామయ్యా, నువ్వే ఈపూట నాన్నవి" అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ముగ్గురికి జడలు వేశాను. ఉయ్యాల ఊపాను. గుర్రమై మెట్ల కింద మూడుసార్లు తిరిగాను. మోకాళ్ళు కొట్టుకుపోయాయి.

రాత్రి ఏ మాత్రా లేకుండా, కోడిలా, చీకటి పడగానే ముడుచుకుని పడుకున్నాను.